నోరీన్ అందుకోని చెయ్యి

ముందుగదిలో ఓర్లా శవపేటిక మూత తీసి ఉంది. పక్కనే కుర్చీలో తల్లి నోరీన్.

ఊరు ఊరంతా వరుసకట్టి వస్తోంది. ఒక్కొక్కరూ నోరీన్ చెయ్యి పట్టుకుని, "ఎంత కష్టమొచ్చింది తల్లీ నీకు" అని, వంటింట్లో టీ తాగి వెళ్తున్నారు. చావింటికి పగవాడొచ్చినా చెయ్యి అందుకోవాలి. ఐర్లాండు పల్లెల్లో ఆ మర్యాద ఎవరూ తప్పరు.

ఆ రోజు తప్పింది నోరీనే.

వరుసలో ఎవరో కొత్త ముసలావిడ వచ్చి చెయ్యి చాచింది. ఆవిడ వానకోటు మీద గుండ్రటి బిళ్ళ: "నిషేధం ఎత్తెయ్యండి."

ఆ శుక్రవారమే గర్భస్రావ నిషేధం మీద దేశమంతా ఓటెయ్యబోతోంది. నిషేధం ఉండి తీరాలని గడప గడపా ఎక్కి దిగుతున్న మనిషి నోరీన్. బిళ్ళ చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది.

"నా బిడ్డ శవం ముందుకి అది పెట్టుకునొస్తావా?"

"అయ్యో, మర్చిపోయానమ్మా. తీసేస్తా." ముసలి వేళ్ళకు పిన్ను ఊడి రావడం లేదు.

"అసలెవరు నువ్వు?"

"ఐవీని. లివర్‌పూల్ నుంచి వచ్చా. ఓర్లా నాకు తెలుసు."

లివర్‌పూల్! కడుపు తీయించుకోడానికి ఇక్కడి ఆడపిల్లలు ఓడెక్కి వెళ్ళే ఊరు. గదిలో గుసగుసలు మొదలయ్యాయి.

"నా కూతురు ఆ ఊరి మొహమే చూళ్ళేదు. పో బయటికి!"

"ఒక్కసారి మొహం చూసి పోతానమ్మా."

"అడుగు ముందుకేశావంటే ఊరుకోను."

ముసలావిడ నిలబడ్డ చోటే శిలువ గుర్తు వేసుకుని వెళ్ళిపోయింది.

"చావింట్లో అంత మాట అంటారా, నోరీన్?" పక్కింటి బెర్నీ నొచ్చుకుంది.

"అంటా. నా మనవడు ఇవాళ కళ్ళెదుట తిరుగుతున్నాడంటే ఆ చట్టం చలవే."

ఇరవై ఏళ్ళుగా ఇదే పాట. పెళ్ళికాని కూతురికి నెల తప్పిందని తెలిసి మెడపట్టి గెంటింది మాత్రం తనే. ఏడాది తిరక్కుండా ఓర్లా చంటిబిడ్డతో వచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని తల్లి అడగలేదు. పిల్లాడి మొహం చూశాక అడగాలనిపించలేదు. వాడంటే ఆమెకు పంచప్రాణాలు.

ఆ మనవడు కార్మాక్ చర్చి ఫాదర్‌తో మాట్లాడి అప్పుడే లోపలికొచ్చాడు.

"అమ్మమ్మా, ఐవీ వచ్చిందా? నేనే ఫోన్ చేశా. అమ్మ పిలవమంది, పోయేముందు."

"వచ్చింది, తరిమేశా. పిల్లల్ని చంపించే వాళ్ళకి ఈ ఇంట్లో ఏం పని?"

కార్మాక్ వానలోకి పరుగెత్తాడు. ఆవిడ ఎక్కిన బస్సు వెళ్ళిపోయింది. తడిసి ముద్దై తిరిగొచ్చాడు.

"అమ్మ ఆవిడింటికి వెళ్ళింది నన్ను తీయించుకోడానికే," అన్నాడు. "అలా ఓడెక్కి వచ్చే ఆడపిల్లలకి ఆవిడ రాత్రికి చోటిచ్చేది. తెల్లారి ఆసుపత్రి మెట్ల మీద అమ్మకి మనసొప్పలేదట. తీయించుకోమనీ అనలేదు, కనమనీ అనలేదు ఆవిడ. నీ ఇష్టమే నా ఇష్టం అందట."

నోరీన్ శవపేటిక వైపు తిరిగింది.

"నువ్వు గెంటేసిన మనిషిని ఆర్నెల్లు కడుపులో పెట్టుకుని చూసి, పురుడు పోసి, నన్ను నీ దగ్గరికి పంపింది ఆవిడే, అమ్మమ్మా."