ఉయ్యాలకు చేరిన గొంతు

బారసాలలో ముత్తైదువలంతా ఉయ్యాల చుట్టూ చేరి పెదవులు కదిపారు. ఆ గుసగుసల్ని పట్టుకుని, చెవిలో గింజంత యంత్రం, చెవిగింజ, ఎవరికి వాళ్లకు కమ్మని పాటగా వినిపించింది. గింజ లేని పసిపిల్ల మాత్రం ఆ కదిలే నోళ్లను బిత్తరపోయి చూసింది. నానమ్మ హైమవతి అది గమనించి ముందుకొచ్చింది. తనే పాడబోయింది. గింజలొచ్చాక గుసగుసలకే అలవాటుపడిన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

మర్నాడే ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క స్పీకర్ల కొట్టాయన్ని పిలిపించింది. ఆయన హాలంతా తిరుగుతూ చప్పట్లు కొట్టి చూశాడు.

"ఈ వంకరటింకర హాలుకి పెద్ద స్పీకర్లు రెండు పెడితే లాభం లేదండి. మెట్ల మలుపులోనే శబ్దం ఆగిపోద్ది. చిన్నవి మూలమూలకీ పెడదాం. ఆంప్లిఫైయర్ మాత్రం గట్టిది కావాలండి."

"పెట్టేయండి. రేపు పిల్ల ఎక్కడ పాకినా వినబడాలి."

"ఎందుకత్తయ్యా ఈ హైరానా? ఐదేళ్లు నిండితే దానికీ గింజ పెడతారుగా!" అంది కోడలు సుచరిత.

"పసిదానికి జోల ఐదేళ్లు పోయాక పాడతావా?"

సాయంత్రానికి అన్నీ బిగించి, "ఏ పాట పెట్టమంటారండి?" అన్నాడాయన.

"పాటొద్దు, మైకివ్వండి."

హైమవతి చెవిగింజ తీసి పక్కన పడేసి, ఉయ్యాల పక్కన కూర్చుని జోల అందుకుంది. గొంతు జీరబోయింది. అయినా ఆపలేదు. ఆ బొంగురు పాట మెట్ల మలుపు దాటి హాలంతా నిండింది.

పాప కళ్లింతలు చేసుకుని "ఊఁ" కొట్టింది.

మైకు అందుకున్న ఆ ‘ఊఁ’ మూలమూలనా మోగింది. సుచరిత చెవిగింజ తీసేసి, ఉయ్యాల దగ్గర చతికిలబడింది.

"ఆపకండత్తయ్యా."