అడ్మిన్ క్యారేజీ

గ్రూపులో పడ్డ మాటలకు ఎవరికైనా అన్నం సయించకపోతే, ఆ గ్రూపు అడ్మినే వండి పట్టుకెళ్లి తినిపించాలని చట్టం వచ్చింది. వంటల గ్రూపు అడ్మిన్ సువర్చలకు ఈ వారం ఇది మూడో క్యారేజీ.

పాకం కుదరక నూనెలో విడిపోయిన అరిసెల ఫొటో పెట్టి నిన్న నవ్వులపాలైన హిమజ తలుపు తీసింది. మనసులోని కష్టాన్ని చూపించే ఆమె చేతిపట్టీ ఇంకా ఎర్రగానే ఉంది. అది పచ్చబడేదాకా సువర్చల అక్కడినుంచి కదలడానికి వీల్లేదు.

"నోరు పారేసుకున్నది వాళ్లు, చాకిరీ మాత్రం నాకు! నేనొక్క మాటన్నానా అసలు? తినవే తల్లీ, నీకు దండం పెడతాను!" అంది సువర్చల, పప్పన్నం కలిపి కంచం ముందుకు తోస్తూ.

హిమజ ముద్ద తీసి, మళ్లీ కంచంలోనే పెట్టేసింది.

"మీరేమీ అనలేదు పిన్నిగారూ. 'ఇక చాలించండర్రా' అని ఒక్క మాట అంటారేమోనని నిన్నంతా ఫోను పట్టుకునే కూర్చున్నాను."