ఖాళీగా వదిలిన గడి

సింహాచలం మూడోసారి కూడా ఆ గడిని ఖాళీగా వదిలి సేవ్ నొక్కాడు. మూడోసారి కూడా అందులో కూతురి పేరే వచ్చి కూర్చుంది.

"పోయిందేటే గుంటా?" వెనకనుంచి మైత్రిని అడిగింది అతని అక్క అప్పయమ్మ. ఆవిడకు చదువు రాదు.

"పోలేదు మామ్మా," అంది మైత్రి. అబద్ధం చెప్పడం ఆ పిల్లకు చేతకాదు.

కుదుదండ్‌లోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో మైత్రి చేరి రెండు నెలలైంది. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఆ ఊళ్లో స్థిరపడ్డ తెలుగు రైల్వే రిటైరీల సంఘం వాళ్ల సభ్యత్వ కార్డుల యాప్‌ను ఆమెకు అప్పగించారు. కార్డులో ఒక గడి ఉంటుంది: ఆపద వస్తే ఎవరిని పిలవాలి. సభ్యుడు ఎక్కడైనా కుప్పకూలితే ఆస్పత్రి వాళ్లు ఫోన్ చేసేది ఆ పేరుకే.

సింహాచలం కార్డులో ఆ పేరు జ్యోతిర్మయి. ఒక్కగానొక్క కూతురు. పోయిన చలికాలంలో తమ కులం కాని ఉస్లాపూర్ సాహూల అబ్బాయిని రిజిస్టర్ పెళ్లి చేసుకుంది. ఇక ఆ పేరు కార్డులో ఉండడానికి వీల్లేదని అప్పయమ్మ పట్టు. తల్లి పోయిన తమ్ముణ్ణి ఎత్తుకు పెంచింది ఆవిడే. ఆవిడ మాటను అతను ఏనాడూ కాదనలేదు.

"ఏటి కంప్యూటరమ్మా ఇది! షెడ్డులో ఇంజన్లయినా నా మాట ఇనీవి," అని గట్టిగా అరిచాడు సింహాచలం.

"దాని తప్పు కాదు తాతా. ఆ గడి నింపడం తప్పనిసరి కాదు. ఖాళీగా పంపితే మీరేమీ చెప్పలేదనుకుని పాత పేరే ఉంచేస్తుంది. సీరియలైజర్‌లో, అంటే ఈ వివరాలు తీసుకునే కోడ్‌లో, అలా రాసి ఉంది," అని ఓపిగ్గా చెప్పింది మైత్రి. "వేరే ఎవరి పేరైనా పెట్టండి. ఇది పోతుంది."

"నా పేరెట్టు," అంది అప్పయమ్మ.

మైత్రి టైపు చేసింది. ఎర్రక్షరాలు వచ్చాయి.

"కొత్త పేరు పెడితే పది అంకెల ఫోన్ నంబరు కూడా ఇవ్వాలి మామ్మా."

"నీకు ఫోనెక్కడిదప్పా," అన్నాడు సింహాచలం విచారంగా.

"అయితే నీ నంబరే ఎట్టరా."

"నాను పడిపోతే నాకే ఫోన్ సేస్తారేటి?"

అప్పయమ్మ మైత్రి వైపు తిరిగింది. "అచ్ఛా, అయితే ఈ గుంటే బాగు సేయాల."

"రేపటికల్లా సరిచేస్తాను మామ్మా. ఖాళీగా వదిలితే పేరు పోయేలా," అని మాట ఇచ్చింది మైత్రి.

"తొందరేటి నేదమ్మా. నీకు సవాలక్ష పనులుంటాయి," అన్నాడు సింహాచలం.

"తొందరే," అంది అప్పయమ్మ.

అక్కా తమ్ముడూ ఆటో ఎక్కి వెళ్లిపోయారు. మైత్రి మాట తప్పే రకం కాదు. చల్లారిపోతున్న టీ పక్కన పెట్టి కోడ్ తెరిచింది. మార్చాల్సింది ఒకే ఒక్క లైను. దాన్ని చెరపబోతూ, పక్కనే తనకు ముందు ఆ పని చేసినాయన రాసిపెట్టిన నోటు చదివింది:

"ఖాళీగా వదిలినా పాత పేరు చెరగకూడదు: సింహాచలం గారు ఒక్కరే వచ్చి, పక్కన కూర్చుని రాయించుకుని, సేవ్ నొక్కి చూసుకుని మరీ వెళ్లారు."