వెనక నుంచి వాన

రిసీవర్ మార్చాలని నరేష్ నిర్ణయించుకుని నెల దాటింది. ఆ సంగతి నల్గొండలో తెలియనివాళ్లు ఇంకా ఎవరైనా మిగిలారేమోనని ఆయన వెతుక్కుంటున్నాడు.

నరేష్ కట్టంగూర్ దగ్గర ప్లాట్లు అమ్మి పైకొచ్చిన మనిషి. మంచిదే. కానీ ప్లాట్లతో పాటు చెవులు కూడా పెరిగాయనుకోవడం ఆయనకే చెల్లింది. పదేళ్ల కింద హైదరాబాద్ పోయి, షాపులో అన్నిటికన్నా ఖరీదైనదేదో అడిగి మరీ ఆ రిసీవర్ కొన్నాడు. టీవీలో వచ్చే శబ్దాన్ని గదిలోని ఏడు స్పీకర్లకు పంచిపెట్టే పెట్టె అది. పద్దెనిమిది కిలోలు ఉంటుంది. దాని గురించి ఆయనకు తెలిసింది ఆ బరువొక్కటే.

పోయిన దసరా ముందు అది మధ్యమధ్య ఆగిపోతుంటే ప్రకాశం బజారులో రిపేరు దుకాణం పెట్టుకున్న నూరుద్దీన్ బాగుచేసి ఇచ్చాడు. అదే వారం ఇంటికి సున్నాలు. వేసేది ఎంత ఖరీదైన రంగులైనా నరేష్ భార్య స్వరూప వాటిని సున్నాలనే అంటుంది. పెయింటర్ కురుమయ్య పనిమంతుడు. నాలుగు రోజుల్లో హాలంతా మెరిపించాడు. స్పీకర్లను దించి, తుడిచి, మళ్లీ ఎక్కడివక్కడ పెట్టిపోయాడు.

పండగ నాడు టీవీ పెడితే శబ్దం పీలగా వచ్చింది. రిసీవర్ నాబ్ ఎంత తిప్పినా పెరగలేదు. ఇంకేముంది, దొంగ దొరికాడు.

“నూరుద్దీన్ చెయ్యి పడ్డది, నా డబ్బా సచ్చింది” అని నరేష్ పోయిన ప్రతి పెళ్లిలో చెప్పాడు. వినేవాళ్లు తలూపారు. ప్లాట్లున్న మనిషి మాటకు తలూపడానికి మెడ ఉంటే చాలు.

నూరుద్దీన్ దుకాణానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఫంక్షన్ హాల్ నడిపే మల్లేష్ ఇచ్చే పనులతోనే ఆయన ఇల్లు గడుస్తుంది. ఆ మల్లేష్ కూడా తన ఆంప్లిఫైయర్లు వేరేవాళ్లకు ఇద్దామా అన్న ఆలోచనలో పడ్డాడు. నూరుద్దీన్‌కు రంది పట్టుకుంది. రెండుసార్లు నరేష్ ఇంటికి పోయి, ఒక్కసారి విప్పి చూస్తానని బతిమిలాడాడు. నరేష్ గుమ్మంలోనే ఆపాడు.

“నువ్వు చేసింది చాలు. కొత్తది వస్తాంది. అప్పుడు పిలుస్త, వచ్చి విను. నీ పనితనం ఏందో నీకే తెలుస్తది.”

కొత్తది వచ్చింది. బిగించడానికి మనిషిని పంపుతామని షాపువాళ్లు అన్నా నరేష్ ఒప్పుకోలేదు. ఫోన్‌లో మూడు వీడియోలు చూసినవాడికి ఇంకొకడు నేర్పేదేముంటుంది? పాతదానికి ఏ తీగలున్నాయో అవే తీసి కొత్తదానికి పెట్టాడు. లైట్లు వెలిగాయి. టీవీ రిమోట్ నొక్కితే శబ్దం ధాటిగా పెరిగింది. పాతదానికైతే వంగి నాబ్ తిప్పాల్సి వచ్చేది, దీనికి ఆ తిప్పలు కూడా లేవని మురిసిపోయాడు.

ఆదివారం పదిమందిని పిలిచాడు. మల్లేష్‌కు ముందు సోఫా. నూరుద్దీన్‌కు తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ. తెర మీద వాన మొదలైంది.

“వెనక నుంచి చినుకులు పడుతున్నయ్, ఇంటున్నరా?” అన్నాడు నరేష్.

అందరూ విన్నారు. ఒకాయన కుడిపక్క ఉరుములు గొప్పగా ఉన్నాయన్నాడు. ఇంకొకాయన ఎడమపక్కవే బాగున్నాయన్నాడు. మల్లేష్ అయితే వెనక్కి తిరిగి చూసి, మెడ కూడా తుడుచుకున్నాడు. పెద్దమనుషులంటే ఇట్లాగే ఉండాలి. నూరుద్దీన్ ఒక్కడే అదే పనిగా టీవీ వైపే చెవి పెట్టి కూర్చున్నాడు.

“ఇప్పుడు చెప్పు నూరుద్దీన్. తప్పెవరిది?”

పదిమందీ ఆయన వైపు తిరిగారు. నూరుద్దీన్ లేచి నిలబడ్డాడు.

“ఆ పాతది నాకియ్యండి సార్. నా తప్పేందో నేనే చూసుకుంట.”

“తీస్కపో. పీడ పోతది.”

స్వరూప సజ్జ మీది గోనెసంచి చూపించింది. దసరాకు సున్నాలవాళ్లు పెట్టిపోయారట, మళ్లీ వచ్చి అడగలేదట. ఆ చెత్త కూడా తీసుకుపొమ్మంది. నూరుద్దీన్ దాన్నీ భుజాన వేసుకున్నాడు.

మల్లేష్ తన కారులో దింపాడు. జాలి కాదు, దుకాణంలో ఉన్న తన ఆంప్లిఫైయర్లు వెనక్కి తీసుకుపోవాలి. ఇకనుంచి పనులు వేరేవాళ్లకు ఇస్తానని, ఏమనుకోవద్దని దారిలోనే చెప్పేశాడు. నూరుద్దీన్ సరేనన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆ హాల్లో మైకు కుయ్యిమనకుండా చూసుకున్నది తనేనని ఆయన గుర్తు చేయలేదు.

దుకాణంలో పాత రిసీవర్‌ను బల్ల మీద పెట్టాడు. అక్కడున్న ఒక స్పీకరుకు కలిపి, మూత కూడా విప్పకుండానే, నాబ్ పావు వంతు తిప్పాడు. అల్మారా అద్దాలు అదిరాయి. పక్క దుకాణంవాళ్లు వచ్చి తొంగిచూశారు.

మల్లేష్ చేతిలోని ఆంప్లిఫైయర్ కింద పెట్టాడు. “మరి గాయన ఇంట్ల ఎందుకు మోగలే భాయ్?”

నూరుద్దీన్ రెండో స్పీకరు ముందుకు జరిపాడు. “దీనికి జర తీగ గావాలె. గా సంచిల ఏమన్న ఉన్నదేమో చూడుండ్రి సేట్.”

మల్లేష్ సంచి మూతి విప్పి బోర్లిస్తే, దసరా సున్నాలకు అడ్డమని కురుమయ్య నరేష్ హాలు గోడల నుంచి ఊడదీసి, చుట్టలు చుట్టి, ఏది ఏ స్పీకరుదో చీటీ కూడా కట్టి భద్రంగా దాచిన తీగలు, ఏడుకు ఏడూ ఆయన కాళ్ల ముందు పడ్డాయి.