కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి

బూట్లు వేసుకొచ్చిన ఆ మనిషి గుమ్మంలోనే ఆగి, గదంతా ఓసారి కలయజూశాడు.

"వచ్చాడు," అంది వంటక్క, గరిటె తిప్పడం ఆపి.

"ఎవరూ?" అన్నాడు ఫోనాయన. వచ్చే ఫోన్లూ పోయే ఫోన్లూ ఆయన చూసుకుంటాడు, అందుకే ఆ పేరు.

"ఇంకెవరు. చెప్పకుండా వస్తాడన్నారే, ఆయన. ఆ ఇస్త్రీ చొక్కా చూడు. ఆ బూట్లు చూడు. మనలో ఎవరైనా మొదటిరోజు అలా వచ్చామా?"

నిజమే మరి. మనసు చెదిరి, మందులు మింగి, మెల్లమెల్లగా కోలుకుంటున్నవాళ్ళు తమంతట తాము నడుపుకునే ఇల్లు అది. కొందరు అక్కడే ఉంటారు, కొందరు రోజూ వచ్చిపోతారు. వంట వాళ్ళదే, ఊడ్పు వాళ్ళదే. పొద్దున్నే గుండ్రంగా కూర్చుని ఎవరి పని వాళ్ళు అడిగి తీసుకుంటారు. నీకొచ్చిన జబ్బేమిటని మాత్రం ఎవరూ ఎవర్నీ అడగరు.

ఆ ఇంటిని ఉంచాలో మూసెయ్యాలో తేల్చడానికి పైఆఫీసు నుంచి ఒకరొస్తారని కబురొచ్చింది. ఎవరో, ఎప్పుడో చెప్పలేదు. అప్పట్నుంచీ అందరూ ముళ్ళమీద కూర్చున్నట్టే ఉన్నారు.

వంటక్క సంగతి మరీను. ఇల్లు మూతపడితే ఆవిడ పోవలసింది తమ్ముడింటి వెనకగదికి. ఆ గదికి గడియ బయటివైపు ఉంటుంది.

"రండి సార్, కూర్చోండి," అని ఉన్నవాటిలోకల్లా మంచి కుర్చీ కిటికీ దగ్గర వేశారు. టీ ఇచ్చారు.

ఆయన తాగలేదు. కప్పు పట్టుకుని అందరి చేతులకేసీ చూస్తూ కూర్చున్నాడు.

"చేతులు చూస్తున్నాడక్కా. వణుకుతున్నాయేమోనని," అన్నాడు ఫోనాయన గుసగుసగా.

"జేబులో పెట్టుకో మరి."

"జేబులో పెట్టుకుంటే ఫోను దేంతో ఎత్తనూ, ముక్కుతోనా?"

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అదే కుర్చీ, అదే చూపు. పనులు పంచుకునే వేళకి గొంతు సవరించుకుంటాడు, తీరా ఏమీ అనడు.

"లోపల్లోపల మార్కులు వేసుకుంటున్నాడు," అన్నాడు ఫోనాయన.

ఓరోజు చీపురు అందుకోబోయాడు. నలుగురు పరిగెత్తుకెళ్ళి, "అయ్యో, మీకెందుకండీ," అంటూ లాగేసుకున్నారు.

ఇంకోరోజు ఏకంగా వంటింట్లోకే వచ్చాడు.

"కూరలు తరగనా అండీ?"

వంటక్క గరిటె వదిలేసింది. ఇలాంటివాళ్ళ చేతుల్లో కత్తులున్నాయా లేవా అని చూడ్డానికొచ్చాడు కాబోలు. బల్లమీది కత్తిని చటుక్కున గుడ్డ కిందికి తోసేసింది.

"ఇక్కడ కత్తులే ఉండవండీ."

పక్కనే తరిగిన క్యారెట్ ముక్కలు గుట్టగా ఉన్నాయి. ఆయన వాటినీ చూశాడు, ఆవిడ మొహాన్నీ చూశాడు.

"మరి ఇవీ..."

"చేత్తో విరుస్తామండీ."

"సరేనండీ," అని తలొంచుకుని పోయి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

ఫోనాయన కిసుక్కున నవ్వాడు. "చేత్తో విరిస్తే అంత గుండ్రంగా వస్తాయా అక్కా?"

"నోర్ముయ్. కొంప మునిగేలా ఉంటే నీకు నవ్వులాటగా ఉంది."

ఆ మర్నాటి నుంచి ఆయన రాలేదు.

ఆ ఇంటికి రోజూ వచ్చేవాళ్ళు ఒక్కపూట రాకపోయినా, ఒంట్లో ఎలా ఉందంటూ ఫోను వెళ్ళిపోతుంది. ఈయనకి మాత్రం వెళ్ళలేదు. తనిఖీకొచ్చినవాణ్ణి ఎవరైనా ఫోన్ చేసి మరీ పిలుస్తారా? పీడ విరగడైందనుకున్నారు.

"ఏం రాసుకుపోయాడో," అని వంటక్కకి మాత్రం ముద్ద దిగలేదు.

ఆ తరవాత ఒకనాడు వానలో తడిసి ముద్దయి ఒక పెద్దావిడ వచ్చింది. జుట్టంతా రేగిపోయి ఉంది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుంది. చూడగానే వంటక్క ప్రాణం ఉసూరుమంది.

"పాపం, కొత్తగా వచ్చినట్టున్నారు. తల తుడుచుకోండి. ఊరికే కూర్చుంటే ఏవేవో ఆలోచనలొస్తాయి, ఈ ఉల్లిపాయలు తరుగుదురుగాని రండి," అని కత్తి చేతికిచ్చింది.

ఆవిడ కత్తి వంకా చూసింది, వంటక్క వంకా చూసింది. కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ తరిగింది. అందరితో కలిసి తింది. తన కంచం తనే కడుక్కుంది.

వెళ్ళేముందు నెమ్మదిగా అంది. "పైఆఫీసు నుంచి రావలసింది నేనేనమ్మా. మీ ఇల్లు ఉంటుంది. ముక్కూమొహం తెలియనిదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పని చెప్పారు. ఇంక నేను చూడాల్సిందేముంది?"

వంటక్క గరిటె తీసి గిన్నె మీద టంగుటంగున మోగించేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు.

గోల సద్దుమణిగాక ఫోనాయన అడిగాడు. "మరి ఆ బూట్లాయన మీ మనిషేనాండీ?"

"ఏ బూట్లాయన? మేమెవర్నీ పంపలేదే."

ఆవిడ వెళ్ళాక ఇల్లంతా గుసగుసలే. దొంగేమో అన్నారొకరు. ఇల్లు కొనడానికి చూసిపోయాడేమో అన్నారింకొకరు.

"మా తమ్ముడు పంపిన మనిషి. నా మీద చాడీలు మోయడానికే," అంది వంటక్క.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. ఎవరో ముసలమ్మ.

"బాబూ, మావాడు మీ దగ్గరికి వచ్చేవాడు. బూట్లు వేసుకుని. పనిలోకి వెళ్తున్నాడు కదాని చొక్కా నేనే ఇస్త్రీ చేసి పంపేదాన్ని."

ఫోనాయన వంటక్కని రమ్మని సైగ చేశాడు. ఆవిడ వచ్చి ఫోనుకి చెవి ఆనించింది.

"ఇప్పుడు మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి కూడా లేవడు. ఏమైందిరా అంటే, నన్ను వాళ్ళు ఏదీ ముట్టుకోనివ్వరమ్మా అంటాడు."

"ఆయన ఏం ఉద్యోగం చేస్తారమ్మా?" అంది వంటక్క.

"ఉద్యోగమా తల్లీ, మనసు బాగోక ఇన్నేళ్ళుగా గడప దాటనివాడు, మీరంతా తనలాంటివాళ్ళేననీ చేతికి ఏదో ఒక పని ఇస్తారనీ డాక్టరుగారు చెబితే, ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చాడు."