చిరునామా లేదు

ఆ గొంతు వినగానే ఫిర్యాదుల డెస్కులో ఉన్న అమ్మాయికి నీరసం ముంచుకొచ్చింది. నాలుగు రోజుల్లో ఇది నాలుగోసారి.

"మళ్ళీ నేనేనమ్మా. మా ఆవిడ బట్టలు కుట్టి అమ్మే వెబ్‌సైట్..."

"తెలుసండి. ఉండండి, చూస్తాను."

ఇంటర్నెట్ కంపెనీలో ఆమెది చిన్న ఉద్యోగం. ఏదైనా వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదని ఎవరైనా మొత్తుకుంటే దాని పేరు టూల్‌లో కొట్టాలి. ఆ పేరు వెనకున్న నంబర్ల చిరునామాను టూల్ చూపిస్తే ఫిర్యాదు ఇంజనీర్లకు వెళుతుంది. చూపించకపోతే అక్కడికక్కడే మూసేయాలి.

కొట్టింది. 'చిరునామా లేదు' అని ఎర్రగా వచ్చింది.

"లేదనే అంటోందండి."

"అంటుందమ్మా. పాత పొట్టి నంబర్లు నిండుకున్నాయి. మా సైట్‌కి కొత్తరకం పొడుగు నంబరు ఇచ్చారు. మీ టూల్‌కి పాతవి వెతకడమే వచ్చు."

ఆయన చెప్పేది నిజమేనని ఆమెకూ తెలుసు. నిన్న ఇంట్లో, వేరే కంపెనీ లైనున్న చెల్లెలి ఫోన్‌లో చూసింది. సైట్ లక్షణంగా తెరుచుకుంది. గళ్ళ గౌన్లు, పువ్వుల గౌన్లు కూడా కనిపించాయి. పొద్దున్నే వచ్చి సూపర్‌వైజర్‌కి చెప్పింది. "నువ్వు కళ్ళతో చూసినా సరే, టూల్ లేదంటే లేనట్టే" అన్నాడాయన, టీ ఊదుకుంటూ.

"ఈ ఊళ్ళో అందరిదీ మీ లైనే తల్లీ. ఒక్కరికీ సైట్ తెరుచుకోవట్లేదు. ఆర్డర్లు ఆగిపోయాయి. రేపు కుట్టుమెషిన్లు అమ్మేస్తానని కూర్చుంది మా ఆవిడ. ముప్ఫై ఏళ్ళ కష్టం."

ఆ గొంతులో కోపం కూడా మిగల్లేదు. ఆమెకు చాలా జాలేసింది. ఉత్తుత్తినే ఇంకోసారి కొట్టి చూసింది. మళ్ళీ అదే ఎరుపు.

"నా చేతుల్లో ఏం లేదండి."

"నీ తప్పు కాదులేమ్మా. ఆ టూల్ రాసినవాడిది తప్పు. వాణ్ణి పిలిపించి నాలుగు చివాట్లు పెట్టండి, పది నిమిషాల్లో సరిచేస్తాడు."

"ఇంకెక్కడ పిలుస్తామండీ? ఆయన పోయారు."



"మీకెవరు చెప్పారు?"

"పోయినేడు సన్మానం చేద్దామని, రికార్డుల్లో ఉన్న ఇంటికి మావాళ్ళు ఉత్తరం రాశారు. 'ఇక్కడ అలాంటివారు ఎవరూ లేరు' అని తిరిగొచ్చింది. ఆఫీసంతా లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాం. నేను ఏడ్చాను కూడా."

అవతలినుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది.

"పోలేదు తల్లీ, ఇల్లు మారానంతే."