పరాయి దేశంలో మహారాజు

“ఇక్కడి నీళ్లు పడటంలేదు, నిద్ర పట్టడంలేదు, మన దేశం వెళ్లిపొమ్మని చీటీ రాసిమ్మను,” అన్నాను డాక్టరు ఎదుట కూర్చుని మా ఆవిడతో.

ఆమె డాక్టరుకు అక్కడి భాషలో రెండే ముక్కలు చెప్పింది. ఆయన పకపకా నవ్వాడు.

“ఏం చెప్పావే?”

“మీకు ఊసుపోవడం లేదని. మిమ్మల్ని రోజూ నాతో బజారుకెళ్లమన్నాడు.”

నా కాస్త పెన్షనుతో పరాయి దేశంలో మహారాజులా బతకొచ్చని ఆమెను బతిమాలి తీసుకొచ్చింది నేనే. ఏడాదిగా గడప దాటనిదీ నేనే.

సంచి పట్టుకుని ఆమె వెనకే బజారుకెళ్లాను. దారి పొడవునా అందరూ ఆమెను పలకరించారు. పళ్లమ్మే ఆవిడ నన్ను చూపించి ఏదో అడిగింది.

“ఏమంటోంది?”

“మీరెవరని. ఇన్నాళ్లూ నేను ఒంటరిదాన్ననుకుందట.”

నేను గబగబా చొక్కా సర్దుకుని, ఆమె పక్కకొచ్చి నిలబడ్డాను.